ఘనా అధ్యక్ష పీఠం: పుట్టుపూర్వోత్తరాలు

1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస రాజ్యం ఘనా పేరుతో స్వతంత్రమైంది. ఆనాటికి ఆ దేశానికి అధ్యక్షుడంటూ లేడు. క్వామే ఎన్‌క్రుమా ప్రధాని. దేశాధినేత మాత్రం బ్రిటన్ రాణే, ఆమె తరఫున గవర్నర్ జనరల్ ఉండేవాడు. ఆ ముడి తెంచుకోవడానికి మరో మూడేళ్లు పట్టింది.

1960 ఏప్రిల్‌లో కొత్త రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ, అధ్యక్ష ఎన్నిక కలిపి జరిపారు. ఎన్‌క్రుమాకు దాదాపు 89 శాతం ఓట్లు వచ్చాయి. ప్రత్యర్థి జె.బి. డాంక్వా ఓడిపోయాడు. జూలై 1న ఘనా గణతంత్రమైంది, అధ్యక్ష పదవి పుట్టింది. అయితే కొత్త రాజ్యాంగం పార్లమెంటుతో పనిలేకుండా ఆదేశాలు జారీ చేసే ప్రత్యేకాధికారాన్ని తొలి అధ్యక్షుడి చేతిలో పెట్టింది. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1958 నుంచే ఉంది. తనకు నచ్చని తీర్పు వెలువడిందని 1963లో ఎన్‌క్రుమా ప్రధాన న్యాయమూర్తినే తొలగించాడు. మరుసటి ఏడు దేశం ఏకపార్టీ రాజ్యమైంది. ఒకప్పుడు అధ్యక్ష పదవికి పోటీపడిన డాంక్వా 1965లో న్సావమ్ జైల్లో నిర్బంధంలోనే చనిపోయాడు.

అడ్డూ ఆపూ లేని అధికారం ఆఖరికి అధ్యక్షుణ్ణి కూడా కాపాడలేకపోయింది. 1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రుమా విదేశీ పర్యటనలో ఉండగా సైన్యం, పోలీసులు కలిసి అతన్ని కూలదోశారు.

ఆ అనుభవంతో బెదిరిన రాజ్యాంగ కర్తలు 1969లో రెండో కొసకు వెళ్లారు. పాలనాధికారం ప్రధాని కోఫీ బుసియాకు ఇచ్చి, అధ్యక్షుణ్ణి మన రాష్ట్రపతిలా లాంఛనంగా నిలిపారు. 1970లో ఎడ్వర్డ్ అకుఫో-అడో ఆ పీఠమెక్కాడు. 1972 జనవరిలో కల్నల్ అచియాంపాంగ్ తిరుగుబాటుతో అదీ ముగిసింది. 1979 జూన్‌లో యువ వైమానిక దళ అధికారి జెర్రీ రాలింగ్స్ వర్గం అధికారంలోకి వచ్చి, అచియాంపాంగ్, అఫ్రిఫా, అకుఫో అనే ముగ్గురు మాజీ సైనిక పాలకులను కాల్చి చంపించింది. అదే ఏడు సెప్టెంబరులో ఎన్నికైన అధ్యక్షుడు హిల్లా లిమాన్‌కు రాలింగ్స్ అధికారం అప్పగించాడు. 1981 డిసెంబరు 31న తానే తిరిగి లాక్కున్నాడు.

ఇప్పటి పీఠానికి పునాది 1992 రాజ్యాంగం. గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగానికి మించి రావాలి, లేదంటే మలి విడత పోలింగ్. నాలుగేళ్ల పదవీకాలం, రెండుసార్లకు మించి వీల్లేదు. 1993 జనవరి 7న ఆ రాజ్యాంగం కింద తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది రాలింగ్సే. రెండు దఫాలు ముగియగానే ఆయన నిబంధనకు తలవంచి తప్పుకున్నాడు. 2000 ఎన్నికల్లో ఆయన పార్టీ అభ్యర్థి జాన్ అట్టా మిల్స్ ఓడగా, ప్రతిపక్షానికి చెందిన జాన్ కుఫోర్ 2001 జనవరి 7న పదవి చేపట్టాడు.

తర్వాత ఈ పీఠం గట్టి పరీక్షలకే నిలిచింది. 2008 మలి విడతలో దేశమంతటా కలిపి సుమారు 40 వేల ఓట్ల తేడాతో మిల్స్ గెలిచాడు. ఓడిన నానా అకుఫో-అడో, నాటి లాంఛన అధ్యక్షుడు ఎడ్వర్డ్ కొడుకే. 2012 జూలై 24న మిల్స్ పదవిలో ఉండగానే మరణిస్తే, ఉపాధ్యక్షుడు జాన్ మహామా అదే రోజు ప్రమాణం చేశాడు. ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో మహామా గెలుపును ప్రత్యర్థులు సవాలు చేస్తే, సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది, ఓడినవారు ఒప్పుకున్నారు. 2016లో ఓడి గద్దె దిగిన మహామా 2024లో మళ్లీ గెలిచాడు. అధికారిక ఫలితం రాకముందే ప్రత్యర్థి బావుమియా ఓటమిని అంగీకరించాడు.

అక్రాలో అధ్యక్ష భవనమైన జూబిలీ హౌస్ 2008లో భారత ప్రభుత్వ రుణంతో కట్టినది. కానీ ఆ పీఠానికి బలం భవనంలో లేదు. 1960 నాటి అపారమైన అధికారం ఆరేళ్లకే కూలింది. 1992 నాటి హద్దులున్న పదవి మూడు దశాబ్దాలు దాటి నిలిచింది. అధికారానికి హద్దు పెట్టడమంటే పాలకుణ్ణి బలహీనపరచడమని వాదించేవారెవరైనా ముందు ఘనా చరిత్ర చదవాలి.