కాలువ గట్టున ఎవరి వంతు ఎంత?

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం మొదలుపెట్టి, ప్రతి నెలా మూడో శనివారం దానికి కేటాయించింది. ఆ రోజున కాలేజీ పిల్లలు, వీధిలోని వాళ్ళు కలిసి పారలు, చీపుర్లు పట్టడం చూసి కొందరు ఇదేదో కొత్త వింత అంటున్నారు. మన గోదావరి జిల్లాలలో ఊరంతా కలిసి కాలువ బాగుచేసుకోవడం వెనుక చాలా పాత చరిత్ర ఉన్నది.

1847లో కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట ప్రారంభించి 1852 నాటికి పూర్తిచేశారు. అప్పటినుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల బతుకు కాలువలతో ముడిపడింది. కాలువ పంటకే కాదు, ఎన్నో ఊళ్ళ మంచినీళ్ళ చెరువులకూ ఆధారం. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక, తూడు, గుర్రపు డెక్క తీయాలంటే ఆ కొద్ది వారాలే అదను.

మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, ఊరివాళ్ళే చేసుకునే ఇటువంటి పనిని రెవెన్యూ భాషలో కుడిమరామత్తు అనేవారు. ఆచారం ప్రకారం తన వంతు పని చేయనివాడు ఆ పని విలువకు రెట్టింపు సొమ్ము కట్టాలని 1858 నాటి మొదటి చట్టం చెప్పింది. గట్టు తెగే ప్రమాదం వస్తే పిలిచిన వెంటనే రావలసినవారు ఎవరో కూడా అందులోనే ఉంది. వారు కూలి పనిచేసే వర్గాలలోని ఒంట్లో సత్తువ ఉన్న మగవారు. అంటే నీరు అందరిదీ, తట్ట మాత్రం కొందరిది.

ఈ లెక్కను కొంత మార్చినది విద్యార్థులే. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. తరువాత మన కాలేజీలకూ వచ్చింది. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో కోనసీమలో ఒక పల్లెకు పనిమీద వెళ్ళాను. అక్కడ ఎండిన పంటబోదెలో కాలేజీ కుర్రాళ్ళు పూడిక తీస్తున్నారు. గట్టుమీద నిలబడ్డ ఒక రైతు తన కొడుకును చూసి, “చదువుకోమని పంపితే తట్ట మోస్తున్నావేంట్రా?” అన్నాడు. “అందరం మోస్తున్నాం నాన్నా,” అని ఆ కుర్రాడు తట్ట పక్కవాడికి అందించాడు. తండ్రి ఇంకేమీ అనలేదు. చట్టం కూలివాడి పేరు రాసిన చోట ఆసామి కొడుకు తనంతట తాను నిలబడటం చిన్న విషయం కాదు.

1997 జనవరి 1న జన్మభూమి వచ్చింది. దక్షిణ కొరియాలో 1970లో మొదలైన గ్రామోద్యమం దానికి స్ఫూర్తి. శ్రమదానాలు జోరుగా జరిగాయి. అప్పుడు నేను పనిచేసిన కార్యాలయంలో వచ్చినవారెందరు, తీసిన పూడిక ఎంత అని నివేదికలు రాసేవాళ్ళం. తీసిన మట్టి, చెత్త చివరకు ఎక్కడికి చేరాయన్న గడి మాత్రం మాకిచ్చిన నమూనాలో ఉండేది కాదు. గట్టుమీదే వదిలేసిన పూడిక తొలకరి వానకు తిరిగి కాలువలోకే జారుతుంది. డెల్టాలో పుట్టినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

నేటి కష్టం అంతకంటె పెద్దది. తూడు కుళ్ళి మట్టిలో కలుస్తుంది, ప్లాస్టిక్ కలవదు. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరుచేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా శనివారం పిల్లలు ఏరిన సంచులు సోమవారానికి మళ్ళీ కాలువలో తేలితే, వాటిని తీయడానికి దిగేది ఆ పారిశుద్ధ్య కార్మికుడే. తట్ట తిరిగి పాత భుజానికే చేరిందన్నమాట.

పాత ఆచారంలో అన్యాయం ఉన్నమాట నిజమే. అయితే ఎవరి వంతు ఎంతో అందరికీ ముందే తెలిసి ఉండేది. ఆ ఒక్క గుణాన్నీ మనం నిలుపుకోవాలి. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి. పిల్లలు నెలకొక పూట ఇవ్వగలరు. మిగిలిన రోజులు గట్టుమీద ఉదయం నడకకు వెళ్ళేది మనమే. మన ఇంటి చెత్త వేరుచేసి బండికి అందించడం, గట్టుమీద సంచి పారేసేవారికి మర్యాదగా చెప్పడం, ఎత్తిన కుప్ప వానలోపు కదిలేదాకా పంచాయతీవారికి గుర్తుచేయడం – ఈ మూడూ మన వంతుగా పెట్టుకుందాం. అర్జీ రాయడం, దాని వెంటపడి పని అయ్యేదాకా తిరగడం మనకు కొత్త విద్యలు కావు కదా!