కృష్ణాతీరమునఁ గీర్తనల ప్రార్థన

కృష్ణయు మూసియుఁ గలియుచోట, మిర్యాలగూడకు దక్షిణముగా, వాడపల్లి యను ప్రాచీనక్షేత్రము గలదు. అగస్త్యేశ్వరస్వామి యాలయమును, లక్ష్మీనరసింహస్వామి యాలయమును నందు వెలసియున్నవి. సంగమస్నానమునకును స్తోత్రపాఠమునకును నది పేరొందినది. ఏటి కావలియొడ్డు పల్నాడు. పూర్వము ఈ యొడ్డు నిజాము రాజ్యము, ఆ యొడ్డు మద్రాసు రాజధాని. క్రైస్తవసంఘ చరిత్రమునను నది యొక యెల్లయే: ఆవల లూథరను సంఘము, ఈవల బాప్టిస్టు సంఘము ముందుగా వ్యాపించెను. రెండింటికిని సామాన్యమైన ప్రార్థనగ్రంథము దావీదు కీర్తనలు. ఆ గ్రంథము తెలుఁగువారి ప్రార్థన యెట్లయ్యెనో, చదువురానివారికి నది యే మార్గమున నందెనో విచారించుట యుక్తము.

హీబ్రూ భాషలో నీ గ్రంథమునకు తెహిల్లీం అని పేరు, స్తుతులని యర్థము. ఇందలి 150 కీర్తనలు అయిదు స్కంధములుగా విభక్తములై యున్నవి. 73 కీర్తనల శీర్షికలందు దావీదు పేరు కానవచ్చును; తక్కినవానిలోఁ గొన్ని యాసాపునకును, గొన్ని కోరహు కుమారులకును, 90వది మోషేకును జెప్పఁబడినవి. గ్రంథనామము స్తుతియే యైనను ఇందు మొఱలు మెండు. 22వ కీర్తన దేవుఁడు తన్ను విడిచెనను నాక్రందనముతోఁ బ్రారంభమగును. 88వ కీర్తన చీఁకటిలోనే ముగియును. భక్తుఁడు దేవునితో వాదించుట, నిష్ఠురమాడుట, ఆలస్యమేల యని నిలదీయుట యిందుఁ బ్రార్థనకు విరుద్ధము గాదు, ప్రార్థనలో భాగమే.

ఈ ధోరణి తెలుఁగు పండితులకుఁ గ్రొత్తది గాదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకమున నిట్టి చనవు గలదు. నేలకొండపల్లి వాసియైన కంచెర్ల గోపన్న, తానాషా కాలమున గోలకొండ చెఱలో నుండి, రామునితో మొఱయును నిష్ఠురమును గలిపి పాడెనని ప్రసిద్ధి. నిందాస్తుతి యని మన యాలంకారికులు పేరిడినది దీనికి దగ్గఱి చుట్టము. అయితే రచనాలక్షణమున భేదము గలదు. హీబ్రూ కీర్తనలో నొక పాదమునఁ జెప్పిన భావమునే రెండవ పాదము వేఱుమాటలతోఁ జెప్పుటయో, దానికి బ్రతిగా నెదురుభావము నిలుపుటయో ప్రధానలక్షణము. ఇంగ్లండు దేశపు పండితుఁడు రాబర్టు లోతు 1753లోఁ బ్రకటించిన యుపన్యాసములలో దీనిని సవిస్తరముగ వివరించెను. యతిప్రాసలవలె నిది శబ్దాశ్రితము గాక యర్థాశ్రిత మగుటచే వచనానువాదమునను జాలవఱకు నిలిచియుండును. కావుననే యీ కవిత్వము భాషలు దాఁటియు బ్రతుకఁగలిగెను.

తెలుఁగునకు బైబిలును దెచ్చు యత్నము 18వ శతాబ్దముననే మొదలైనది. 1726లో మద్రాసు చేరిన బెంజమిను షుల్జు తెలుఁగు నేర్చి యనువాదమునకుఁ బూనుకొనెను. ఆ యనువాదము వ్రాఁతలోనే నిలిచిపోయెను. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారు జార్జి క్రాను, ఆగస్టసు డెగ్రాంజి, ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటున సువార్తల ననువదింపఁగా, అవి 1812లో శ్రీరామపురమున ముద్రితములయ్యెను. 1854లో బైబిలు సంపూర్ణముగాఁ దెలుఁగున వెలువడెను.

ఈ గ్రంథమునకుఁ దెలుఁగున స్థిరపడిన పేరు విచారింపఁదగినది. కీర్తన యనఁగనే తెలుఁగువానికిఁ దాళ్లపాక యన్నమాచార్యుఁడు (1408–1503), భద్రాచల రామదాసు స్ఫురింతురు. పల్లవియుఁ జరణములును, రాగతాళములును మనసునకు వచ్చును. బైబిలు కీర్తనలో నవి లేవు, అది వచనము. పాడఁదగిన పేరు పెట్టుకొని చదువఁదగిన రూపమున నది తెలుఁగునేలను బ్రవేశించెను. ఈ వెలితిని పూరించినవారిలోఁ బురుషోత్తమ చౌధురి (1803–1890) అగ్రగణ్యుఁడు. 1833లో జ్ఞానస్నానము పొందిన యీ కవి, కర్ణాటక సంగీతపు రాగతాళములలోఁ గ్రైస్తవకీర్తనలు రచించెను. అక్షరము రాని కూలివాఁడు పుస్తకమును విప్పఁజాలకున్నను రాగమును విప్పఁగలఁడు. అందుచేఁ దెలుఁగు సంఘమునఁ గీర్తన యను పద మొకటే చదువు గ్రంథమునకును, బాడు పాటకును బేరై నిలిచెను.

వాడపల్లి కెదుటి యొడ్డున, పల్నాటిలో, ఈ ప్రార్థన లూథరను మార్గమున వచ్చెను. 1842లో గుంటూరు చేరిన హేయరు 1849లో గురజాలకుఁ దరలెను. కీర్తనల గ్రంథమును బైబిలుసారమని మన్నించి, 46వ కీర్తన నాధారముగఁ గొని ప్రసిద్ధగీతము రచించిన మార్టిను లూథరు సంప్రదాయ మది. నల్లగొండవైపున 1890లో ఫ్రీసెను దంపతులు బాప్టిస్టు మిషనును నెలకొల్పిరి. నిర్ణీతపాఠము నంటక, అప్పటి కప్పుడు మనసులోని మాట పలుకుట వారి పద్ధతి. అట్టి పలుకునకును భాష కావలెను. ఆ భాషను గీర్తనలే యిచ్చెను. డోర్నకలు అధ్యక్షమండలమున మూఁడవ పద్ధతి కానవచ్చును. ఆంగ్లికను ప్రార్థనపుస్తకము 150 కీర్తనలను నెలలోని 30 దినములకు, ఉదయ సాయంకాలములకుఁ బంచినది. మనసుకు నచ్చినదే కాక, నచ్చనిదియు, దనకు వర్తింపదని తోఁచినదియు నెల్లవారు నుచ్చరింపవలసియుండును. సుఖియైనవాఁడు దుఃఖితుని మొఱను దన నోటఁ బలుకుటయే యీ నియమమునకుఁ బ్రయోజనము.

ఇందొక యాక్షేపము పుట్టును: యూదురాజు మొఱ కృష్ణాతీరపుఁ గూలివాని ప్రార్థన యెట్లగును? దీనికిఁ బ్రాచీనులే యుత్తరమిచ్చిరి. 4వ శతాబ్దమున నలెగ్జాండ్రియా యధ్యక్షుఁడు అథనాసియసు, మార్సెల్లినసునకు వ్రాసిన లేఖలోఁ గీర్తనలు చదువరి యాత్మకు దర్పణము వంటివని తెలిపెను. ఇతరగ్రంథములలో నన్యుల వృత్తాంతము వినఁబడును. కీర్తనలలో 'నేను' అను మాటను బలికినవాఁడే దాని కర్తయగును.

తెలుఁగుదేశమున నీ 'నేను' అను మాటకు విశేషమైన బరువు గలదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలోఁ బెక్కుమంది మాదిగలు. డోర్నకలు సంఘమునను మాల మాదిగలే యధికసంఖ్యాకులు. దేవాలయపు గడప దాఁటనీయఁబడనివారు 15వ, 24వ కీర్తనలలో దేవుని పర్వతమున కెవఁ డెక్కఁదగునను ప్రశ్నను దామే యడిగిరి. ఆ కీర్తనలు జన్మమును బ్రస్తావింపవు. చేతుల శుద్ధిని, మాట సత్యమును, వడ్డి తినకుండుటను బేర్కొనును. 84వ కీర్తన పిచ్చుకకు సైతము బలిపీఠముచెంత నివాసము చెప్పును.

అయినను ప్రశ్న సంఘము బయటనే నిలువలేదు. మాల మాదిగల పూర్వవైరము గుడిలోనికిని వచ్చెను. 1912లో నధ్యక్షుఁడై 1945లోఁ గాలధర్మము నొందిన అజరయ్య, సంఘమునఁ గులభేదమును సహింపరాదని పట్టుపట్టెను. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన డోర్నకలు దేవాలయమున హిందూ మహమ్మదీయ శిల్పరీతులను గలిపి యీ నేలవారి కది తమ యిల్లని తోఁపించెను. కాని తలుపు తెఱచుట వేఱు, ప్రక్కనఁ గూర్చుండనిచ్చుట వేఱు. ఒకే కీర్తనను జెఱిసగముగాఁ బంచుకొని, ఒకరి పాదమునకు వేఱొకరు బదులు చెప్పునప్పుడు, ప్రక్కవాని గొంతు లేక తన ప్రార్థన పూర్తికాదని యుభయులకును దెలియును. సంఘము పరుని స్వాగతించుటకు నిదియే కొలఁది. కీర్తనలు తెలుఁగువారికిఁ గంఠస్థములైన చరిత్ర తెలిసినది. అవి యాచరణస్థములైన చరిత్ర మాత్ర మింకను బూర్తికాలేదు.