విద్యార్థి సంఘాలపై క్రమశిక్షణ చర్యలు

విశ్వవిద్యాలయ నియమాలను ఉల్లంఘించారని విద్యార్థి సంఘాల మీద, వాటి నాయకుల మీద తీసుకునే చర్యలివి. అయితే రాయలసీమలో ‘సంఘం మీద చర్య’ అన్న మాటకు పెద్దగా అర్థం లేదు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో (స్థాపన 2006), కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయంలో (2008) కనిపించే ఎస్‌ఎఫ్‌ఐ, ఏఐఎస్‌ఎఫ్, పీడీఎస్‌యూ, ఏబీవీపీ వంటివి బయట పుట్టి లోపలికొచ్చిన సంఘాలు. విశ్వవిద్యాలయం ఇవ్వని గుర్తింపును రద్దు చేయడం ఎవరి తరమూ కాదు. అందుకే సంఘం పిలుపిస్తుంది, మెమో మాత్రం జెండా పట్టుకున్న పిల్లవాడికి వస్తుంది.

గుర్తింపు ఇచ్చే చోట్ల తీరు వేరు. మద్రాసు ఐఐటీ 2015 మేలో అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ అనే విద్యార్థి సంఘం గుర్తింపును రద్దు చేసి, దేశమంతా గొడవయ్యాక జూన్‌లో తిరిగిచ్చింది. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2017లో ఒక విద్యార్థి మరణం తర్వాత ‘బీటా థీటా పై’ అనే విద్యార్థి సంఘం శాఖను శాశ్వతంగా మూయించింది.

మన విశ్వవిద్యాలయాల్లో శిక్షల వరస అందరికీ తెలిసిందే: షోకాజ్ నోటీసు, విచారణ కమిటీ, సస్పెన్షన్, హాస్టల్ నుంచి పంపేయడం, రస్టికేషన్. కాగితం మీద హాస్టల్ శిక్ష చిన్నదే. ఆలూరు, పత్తికొండ వైపు మెట్ట పల్లెల నుంచి వచ్చిన పిల్లవాడికి మాత్రం గది పోయిందంటే మెస్సు భోజనమూ పోయినట్టే, ఊరి బస్సెక్కాల్సిందే. లింగ్డో కమిటీ (2006) సిఫార్సుల ప్రకారం క్రమశిక్షణ చర్యకు గురైనవారు విద్యార్థి ఎన్నికల్లో పోటీకి అనర్హులు. ఆ ఎన్నికలే 1980ల చివర్లో ఆగిపోయిన మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఈ నిబంధనకు పని తక్కువ. ర్యాగింగ్ విషయంలో మాత్రం దోషులెవరో తేలకపోతే సామూహిక శిక్ష వేయాలని యూజీసీ 2009 నిబంధనలు చెబుతాయి.

తెలుగునాట అందరికీ గుర్తున్న ఉదంతం హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానిది. 2015 ఆగస్టులో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కూ ఏబీవీపీకీ గొడవ జరిగింది. దానిపై అప్పటి కేంద్ర మంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల శాఖకు లేఖ రాశారు. అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను సస్పెండ్ చేశారు, ఆపై వెనక్కి తీసుకున్నారు, మళ్లీ కమిటీ వేశారు. చివరికి తేల్చింది ఇదీ: తరగతికి, లైబ్రరీకి రావచ్చు, హాస్టల్‌లో ఉండకూడదు, పరిపాలనా భవనంలో అడుగుపెట్టకూడదు, ఎన్నికల్లో నిలబడకూడదు. చదువుకో, కానీ కనిపించకు అన్నట్టుంది ఆ ఉత్తర్వు. 2016 జనవరి మొదటి వారంలో వాళ్లు అంబేడ్కర్ పటం, పరుపులు మోసుకుంటూ గదులు ఖాళీ చేసి, ప్రాంగణంలోని దుకాణాల దగ్గర ఆరుబయట డేరా వేసుకున్నారు. దానికి వాళ్లే ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న ఆత్మహత్య చేసుకున్నాడు. మిగిలిన నలుగురి మీద శిక్షను 21న ఎత్తేశారు.