పండుగకు ముందు పెట్టుకునే లెక్క: క్రైస్తవ ఆత్మపరీక్షలో రాత చరిత్ర

ఈస్టరు పండుగకు ముందు వచ్చే నలభై రోజులకు తెలుగులో ఒకటికి మించిన పేర్లున్నాయి. కతోలికులు తపస్సు కాలం అంటారు. ప్రొటెస్టెంటు సంఘాల్లో శ్రమకాలమనీ, లెంటు దినాలనీ వాడుక. తమిళంలోనూ ఇటువంటి తేడాయే కనిపిస్తుంది: కతోలికులది తవక్కాలం, ప్రొటెస్టెంట్లది లెందు కాలం. ఇంగ్లీషులోని లెంట్ అనే మాటకు మొదట ఉపవాసంతో గాని ప్రార్థనతో గాని సంబంధం లేదు. పగళ్ళు పొడుగయ్యే వసంత రుతువని దాని పాత అర్థం. లాటిన్‌లోనైతే ఉత్త సంఖ్యతోనే 'నలభైయవది' అని సరిపెట్టారు. ఈ కాలం మొదలయ్యే రోజు మన కతోలికులకు విభూది బుధవారం. శైవుల మాట చర్చి గడప దాటి లోపలికి వెళ్ళినా, తన పాత చోటైన నుదుటి మీదే నిలిచింది.

పేర్లు ఎన్ని ఉన్నా వాటి వెనక ఉన్న పని ఒకటే: పండుగ రాకముందే మనిషి తనను తాను తరచి చూసుకోవడం. ఇందుకు ఉపవాసం, ప్రార్థన, దానం సాధనాలని అందరికీ తెలుసు. వాటి పక్కనే అంతగా గమనింపుకు రాని మరో సాధనం ఉంది. అది రాత. ఈ వ్యాసంలో మేము ఆ రాత సంగతే పరిశీలించదలిచాం. మా ప్రశ్న చిన్నది. కలం ఎవరి చేతిలో ఉంది? రాసినదాన్ని చదివేది ఎవరు? ఈ ప్రశ్నను పట్టుకుని వెళితే జెరూసలేం, స్పెయిన్, ఇంగ్లండు, జర్మనీల మీదుగా 18వ శతాబ్దిలో మద్రాసులో ఉన్న తెలుగువారి దగ్గరకు వస్తాం.

పేరు రాయడంతో మొదలు

ఈస్టరుకు ముందు నలభై రోజుల నియమం నాలుగో శతాబ్దిలో స్థిరపడింది. క్రీ.శ. 325 నాటి నికయ మహాసభ చేసిన అయిదో నిబంధనలో ఈ 'నలభై' ప్రస్తావన ఉంది. ఆ రోజుల్లో ఈ కాలం ముఖ్యంగా బాప్తిస్మానికి సిద్ధపడేవారిది. బాప్తిస్మం ఈస్టరు రాత్రి; దానికి ముందు వారాల తరబడి శిక్షణ.

జెరూసలేంలో ఆ శిక్షణ ఎలా సాగేదో మనకు తెలియడానికి కారణం ఒక స్త్రీ. ఎగేరియా అనే ఆమె 381-384 ప్రాంతంలో పడమటి దేశాల నుంచి యాత్రకు వచ్చి, చూసినదంతా ఇంటి దగ్గరున్న తోటి సోదరీమణులకు లాటిన్‌లో రాసింది. చాలాకాలం కనుమరుగైన ఆ రాత 1884లో ఇటలీలోని అరెజ్జోలో బయటపడింది. ఆమె చెప్పినదాని ప్రకారం అక్కడ ఉపవాస కాలం ఎనిమిది వారాలు. అది మొదలయ్యే ముందు సిద్ధపడేవారి పేర్లను గురువు రాసుకుంటాడు. తరవాత బిషప్పు ఇరుగుపొరుగు వారిని పిలిచి అడుగుతాడు: ఇతని నడవడి మంచిదేనా? తల్లిదండ్రులను గౌరవిస్తాడా? తాగుబోతు కాదు గదా? సాక్ష్యం బాగుంటే బిషప్పు స్వహస్తంతో పేరు నమోదు చేస్తాడు. బాగా లేకపోతే నడవడి దిద్దుకుని రమ్మని పంపేస్తాడు. ఇక్కడ రాత ఉంది గాని, రాసేవాడు వేరు. మనిషిని పరీక్షించేది ఊరు. నమోదు చేసేది అధికారి.

కలం మనిషి చేతికే ఇవ్వాలన్న ఆలోచన దీనికి కొద్దికాలం ముందే ఈజిప్టు ఎడారిలో పుట్టింది. 356లో మరణించిన అంతోని అనే సన్యాసి జీవితచరిత్రను అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాశాడు. అందులో అంతోని తోటివారికి ఒక ఉపాయం చెబుతాడు: మీ పనులనూ మీ మనసులో మెదిలే తలపులనూ ఇంకొకరికి చెప్పబోతున్నట్టుగా రాసి పెట్టుకోండి; నలుగురు చూస్తుండగా చెయ్యడానికి సిగ్గుపడే పనిని రాయడానికీ సిగ్గుపడతాం; అలా ఆ రాతే సాటి సన్యాసి కళ్ళలా మనల్ని కాపలా కాస్తుంది. విశేషమేమిటంటే, అంతోని చదువు నేర్చుకోనివాడని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. రాత విలువను అంత స్పష్టంగా పట్టుకున్నది రాయడం రాని మనిషి.

మోంట్సెర్రాట్‌లో మూడు రోజులు

1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికొకసారైనా గురువు దగ్గర పాపసంకీర్తనం చేసి, ఈస్టరునాడు దివ్యసత్ప్రసాదం తీసుకోవాలని శాసించింది. దానితో పండుగ ముందటి ఆత్మపరీక్ష సన్యాసుల గుహలోనుంచి సామాన్యుల ఇంటికి వచ్చింది. కాని ఇది నోటిమాట వ్యవహారం. చెప్పాలి, వినాలి; కాగితంతో పని లేదు.

కాగితాన్ని ఇందులోకి తెచ్చినవారిలో ప్రముఖుడు లొయోలా ఇగ్నేషియస్. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగిన ఈ స్పానిష్ యోధుడు మరుసటి ఏడు మోంట్సెర్రాట్ మఠానికి వెళ్ళి, తన జీవితంలోని పాపాలన్నీ రాసుకుని, మూడు రోజుల పాటు పాపసంకీర్తనం చేశాడు. తరవాత మార్చి 24 రాత్రి, అంటే మంగళవార్త పండుగకు ముందు రాత్రి, మరియమాత పీఠం ముందు జాగారం చేశాడు. పండుగకు రాతతో సిద్ధపడడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. పక్కనే ఉన్న మన్రేసాలో ఉండగా ఇంకా ఏదో చెప్పకుండా విడిచిపెట్టానేమోనన్న అనుమానం ఆయన్ను పట్టుకుంది. గుర్తున్నదంతా రాయమని ఒక పండితుడు సలహా ఇచ్చాడు. రాశాడు. అయినా అనుమానం తీరలేదు. ఎంత రాసినా ఇంకా మిగిలే ఉందనిపించింది. రాతకు వ్యాధిని పట్టి చూపే శక్తి ఉంది గాని, దానంతటదిగా నయం చేసే శక్తి లేదని ఆయనకు అనుభవంలో తెలిసింది.

1548లో పోపు ఆమోదం పొందిన ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఈ పాఠం కనిపిస్తుంది. అక్కడ జీవితమంతా రాయమని లేదు. దిద్దుకోదలచిన ఒక్క లోపాన్ని ఎంచుకోమని ఉంది. వారంలో ప్రతి రోజుకూ రెండేసి గీతలు. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి వెనక్కు చూసుకుని, ఎన్నిసార్లు తప్పితే అన్ని చుక్కలు పెట్టాలి. పూటను పూటతో, రోజును రోజుతో, వారాన్ని వారంతో పోల్చి చూసుకోవాలి. రోజంతటినీ పరిశీలించే మరో పద్ధతిలో మొదటి మెట్టు తప్పుల పట్టిక కాదు, అందిన మేళ్ళకు కృతజ్ఞత. 1544 ఫిబ్రవరి నుంచి 1545 ఫిబ్రవరి వరకు ఆయన రాసుకున్న దినచర్యలో కొంత భాగం దక్కింది. 1544 నాటి తపస్సు కాలం ఆ పుటల్లోనే ఉంది. అది స్పానిష్‌లో ఉంది. చర్చి భాషయిన లాటిన్‌లో కాదు.

దుకాణపు చిట్టా

ఇంగ్లండులోని ప్యూరిటన్లు పోపును కాదన్నారు, గురువు దగ్గర చేసే పాపసంకీర్తనాన్ని కాదన్నారు, చివరకు పండుగలనే కాదన్నారు. 1647లో వారి పార్లమెంటు క్రిస్మసు, ఈస్టరు పండుగలను రద్దు చేసింది. వారికి మిగిలిన పవిత్ర దినం ఆదివారం ఒక్కటే. చిత్రమేమిటంటే, పాపాలు వినే గురువు పోయాక నోటుపుస్తకానికి గిరాకీ పెరిగింది. చెప్పుకునే చోటు లేనప్పుడు రాసుకునే చోటు కావలసి వచ్చింది.

1595లో కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న సామ్యూల్ వార్డ్ అనే యువకుడు తన దినచర్యలో రాసుకున్న పాపాలు చదివితే నేటి విద్యార్థులకు నవ్వు రావచ్చు. జున్ను మితిమీరి తిన్నాడు. పళ్ళ మీద ఆశ చంపుకోలేకపోయాడు. ప్రార్థన వేళ మనసు ఎటో పోయింది. ఈ యువకుడే తరవాత 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అనువాదకుల్లో ఒకడయ్యాడు. 1656లో జాన్ బీడిల్ అనే బోధకుడు ఈ అలవాటు మీదే ఒక పుస్తకం వేశాడు. వర్తకుడు చిట్టా రాసుకుంటాడు, వైద్యుడు తన అనుభవాలు రాసుకుంటాడు; మరి భక్తుడు తనకు అందిన మేళ్ళు ఎందుకు రాసుకోడు అని ఆయన వాదం. పుస్తకం పేరులోనే 'కృతజ్ఞుడైన క్రైస్తవుడు' అన్న మాట ఉంది. కతోలిక ఇగ్నేషియస్, ప్యూరిటన్ బీడిల్ ఒకరినొకరు ఒప్పుకోరు గాని, లెక్క జమతో మొదలు కావాలన్న చోట ఇద్దరూ కలిశారు.

హాలే నుంచి మద్రాసుకు

జర్మనీలో పయటిస్టులనే భక్తి ఉద్యమకారులు ఈ అలవాటును ఒక వ్యవస్థగా మార్చారు. వారి కేంద్రం హాలే నగరం. అక్కడినుంచి వచ్చిన జీగెన్‌బాల్గ్, ప్లూచౌ 1706 జులైలో తరంగంబాడిలో దిగారు. మిషనరీలు దినచర్యలు రాసి పంపడం, 1710 నుంచి వాటిని ఎంచి, కత్తిరించి హాలేలో అచ్చువెయ్యడం ఆనవాయితీ అయింది. ఆత్మపరీక్ష కోసం పుట్టిన దినచర్య ఇక్కడ పై అధికారులకూ చందాదారులకూ పంపే నివేదిక అయింది.

ఈ వరసలో 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1726లో మద్రాసుకు మారాడు. అక్కడ ఆయన చెవిన పడిన భాషల్లో తెలుగు ముఖ్యమైనది. ఇంగ్లీషువారు దాన్ని జెంటూ అన్నారు. జర్మన్ మిషనరీల రాతల్లో అది 'వరుగు' భాష. తమిళులు మనవారిని పిలిచే 'వడుగ' శబ్దమే జర్మన్ల నోట అలా మారింది. షుల్జ్ తెలుగు నేర్చుకుని, 1728 నాటికి వ్యాకరణం రాశాడు. ఆయన చేసిన బైబిలు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1743లో స్వదేశానికి మరలిన తరవాత, 1746-47లో హాలేలో కొన్ని తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అక్షరాలతో అచ్చయిన మొదటి పుస్తకాలుగా మన ముద్రణ చరిత్ర వీటినే లెక్కిస్తుంది. వాటిలో ఒకటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరి. ప్రభురాత్రి భోజనానికి ముందు మనిషి తన్ను తాను పరీక్షించుకోవాలన్న పౌలు మాటను ఇంటింటికీ చేర్చడానికి లూథర్ 1529లో రాసిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది.

మా ప్రశ్నను ఇక్కడ మళ్ళీ వెయ్యాలి. కలం ఎవరి చేతిలో ఉంది? మద్రాసులో బాప్తిస్మానికో ప్రభుభోజనానికో సిద్ధపడిన తెలుగువారు తమ మనసులో ఏమనుకున్నారో మనకు జర్మన్ దినచర్యల ద్వారానే తెలియాలి. ప్రశ్న తెలుగులో అడిగారు, జవాబు తెలుగులో చెప్పారు, నమోదు మాత్రం జర్మన్‌లో జరిగింది. ఎగేరియా కాలపు జెరూసలేంలో వలెనే ఇక్కడా పేరు రాసుకున్నది వేరొకరు. తెలుగు అచ్చు చరిత్రకు ఇంత దగ్గరగా నిలిచిన ఆ మొదటి పాఠకుల సొంత గొంతు ఆ చరిత్రలో వినిపించకపోవడం చిన్న లోటు కాదు.

మనసుతో మాట్లాడే భాష

అంతమాత్రాన తెలుగులో ఆత్మపరీక్ష లేదనుకోకూడదు. అది కాగితం మీద కాక పాటలో ఉంది. 'మనసా' అని తన మనసునే ఎదుట నిలబెట్టి నిలదీసే పద్ధతి తెలుగు కీర్తనకు సొంతం. తిరువయ్యారులో, అంటే తమిళ దేశం నడిబొడ్డున, త్యాగరాజు (1767-1847) ఈ పద్ధతిని శిఖరానికి చేర్చాడు. తెలుగు క్రైస్తవ కీర్తనకారులూ రాగతాళాలతో పాటు కీర్తన అచ్చును స్వీకరించారు. వారిలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి (1803-1890) పర్లాకిమిడి ప్రాంతం వాడు. తెలుగు క్రైస్తవ సంఘాలు ఆయన పాటలను నేటికీ పాడుకుంటున్నాయి. తెలుగు ఆత్మశోధనకు గొప్ప రూపమిచ్చిన ఈ ఇద్దరిలో ఒకరిది తమిళ దేశం, మరొకరిది నేటి ఒడిశా సరిహద్దు. బయటి తెలుగువారికి ఇది గుర్తుంచుకోదగ్గ విషయం.

అయితే పాటకూ నోటుపుస్తకానికీ ఒక తేడా ఉంది. పాట అందరిదీ. అందులో 'నేను' అన్న చోట ఎవరైనా నిలబడవచ్చు. నోటుపుస్తకానికి తేదీ ఉంటుంది. ఫలానా రోజు, ఫలానా మనిషితో, ఫలానా మాట అన్నానన్న నిర్దిష్టత ఉంటుంది. ఆ నిర్దిష్టత మాతృభాషలో తప్ప రాదు. ఇగ్నేషియస్ స్పానిష్‌లోకి, వార్డ్ ప్రధానంగా ఇంగ్లీషులోకి దిగింది అందుకేనని మా అభిప్రాయం. బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదివి, కాలేజీలో ఇంగ్లీషు చదివి, ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడే విద్యార్థికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. అమ్మతో పోట్లాడిన భాషలోనే అమ్మను క్షమించమని అడగడం కుదురుతుంది. భాష బజారునుంచి తప్పుకున్నా కొంతకాలం బతుకుతుంది. మనిషి తనతో తాను మాట్లాడుకునే చోటునుంచి తప్పుకున్న నాడు దానికి మిగిలేది పలకరింపులే.

కనుక విద్యార్థులకు మా మనవి ఒకటుంది. కోలారులోగాని, హోసూరులోగాని, బరంపురం, షోలాపూరు, యానాంలలోగాని మీ పెద్దల పాత బైబిళ్ళ ఖాళీ పుటల్లో, కీర్తనల పుస్తకాల అంచుల్లో, శ్రమకాలంలో రాసుకున్న నోటుపుస్తకాల్లో తెలుగు రాత కనిపిస్తే పారెయ్యనివ్వకండి. తేదీ, ఊరు, లిపి గుర్తించండి. తెలుగు మాటను పొరుగు లిపిలో రాసి ఉంటే అలాగే ఉంచండి; దిద్దకండి. ఇంటివారి అనుమతి లేనిదే చదవకండి. ఇగ్నేషియస్ తన చివరి రోజుల్లో ఒక పెద్ద కాగితాల కట్ట చూపించి, అందులో కొంత తానే చదివి వినిపించి, కట్ట ఇచ్చి వెళ్ళమని శిష్యుడు అడిగితే మాత్రం ఇవ్వనన్నాడు. దేవుడి కోసం రాసుకున్నదాన్ని భద్రపరచడం మన పని. దాన్ని తెరవాలో వద్దో తేల్చవలసింది రాసినవారు, వారు లేకపోతే వారి ఇంటివారు.