తంబి సాయిబు

మన సంఘం సంచికలో యేటేటా పెద్దవాళ్ళను తలుచుకోవడం ఆనవాయితీ. ఈ యేడు మా దాదాను గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగినప్పుడు మొదట వద్దనే అన్నాను. ఆయన నాయకుడు కాడు, ఆలిమూ కాడు. రాప్తాడులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసి సంసారం ఈదిన మనిషి. పేరు అచ్చులో పడడం ఇంట్లోవాళ్ళకు ఇష్టం లేదు. ఊరు పిలిచిన పేరు తంబి సాయిబు. దానితోనే కానిస్తాను.

తంబి అన్నది అరవ మాట. అరవం రాని మనిషికి ఆ పేరు ఎట్లా వచ్చిందంటే, పటాలంలో వచ్చింది. మద్రాసు శాపర్లను సైన్యమంతా తంబీలనే పిలిచేది. 1780లో రెండు పయనీరు కంపెనీలుగా మొదలైన పటాలం అది. బెంగుళూరు అల్సూరు చెరువు పక్కన వాళ్ళ కేంద్రం ఇప్పటికీ ఉంది. తుపాకీ పట్టడం ఒక్కటే కాదు వాళ్ళ పని. దారి వేయాలి, వంతెన కట్టాలి, మందుపాతర తీయాలి. ముళ్ళకంచెలు పేల్చే బెంగుళూరు టార్పెడో 1912లో ఆ పటాలంలోనే పుట్టింది. జార్జి క్రాస్ పొందిన సుబేదారు సుబ్రమణియన్ కూడా ఆ పటాలం మనిషే. 1944లో ఇటలీలో తోటివారిని కాపాడడానికి మందుపాతర మీద పడి ప్రాణం ఇచ్చినాడు. తమిళులు, తెలుగువాళ్ళు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ అందులో కలిసే పనిచేసినారు.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి భారత సైన్యం సుమారు రెండు లక్షలు. 1945కు 25 లక్షలు దాటింది. ఇంతమంది దేశభక్తితోనో రాజభక్తితోనో పోయినారని నేను అనుకోను. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని మా సీమలో నెల తిరిగేసరికి జీతం అంటే అది చిన్న మాట కాదు. దాదా రైలెక్కి బెంగుళూరు పోయింది అందుకే. ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెళ్ళు ఇద్దరు ఉన్నారు.

ఆయన బర్మా పోయినాడు. యుద్ధం సంగతులు అడిగితే వానలూ జలగలూ తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు. వంతెనల మాట ఎత్తితే మాత్రం ఉత్సాహం వచ్చేది. బెయిలీ వంతెన ముక్క ఒక్కొక్కటి పది అడుగుల పొడవు, 570 పౌండ్ల బరువు. ఆరుగురు ఒక్కసారిగా ఎత్తాలి, ఒక్కసారిగా దించాలి. ముక్కకూ ముక్కకూ మధ్య ఇనుప పిన్ను దిగ్గొడితే వంతెన సాగుతుంది. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చిండ్విన్ నది మీద అట్లా కట్టిన వంతెన 1,154 అడుగులు. ఆనాటికి ప్రపంచంలోనే పొడుగైన బెయిలీ వంతెన అది. దాని మీద లారీలు పోయినాయి, ట్యాంకులు పోయినాయి. 1945 మే నెలలో రంగూను తిరిగి చేజిక్కింది. తిరిగి రానివాళ్ళలో సమాధి దొరకని సుమారు 27 వేలమంది పేర్లు రంగూను దగ్గర తౌక్యాన్ స్మారకం స్తంభాల మీద ఉన్నాయి.

యుద్ధం ముగిసినాక సర్కారుకు ఇంతమంది అక్కరలేకపోయె. లక్షలమందిని ఇళ్ళకు పంపినారు. పెన్షనుకు పదిహేనేళ్ళ సర్వీసు ఉండాలి. యుద్ధంకోసం చేరినవాళ్ళకు అది ఎక్కడిది? చేతికి కొంత డబ్బు, డిశ్చార్జి పుస్తకం, పతకాలు. అంతే. దాదా ఆ డబ్బుతో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి, మిగిలినదానితో పానాలు, స్పానర్లు కొన్నాడు.

అదృష్టం ఏమంటే, కపిలలు పోయి ఆయిల్ ఇంజన్లు వస్తున్న రోజులవి. ఎద్దులతో తోలు బొక్కెన లాగించిన రైతుకు ఇంజను కొత్త. అది మొరాయిస్తే ఏం చేయాలో తెలియదు. బుక్కచెర్ల నుంచి, మరూరు నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. "సాయిబన్నా, చేనెండిపోతాంది, రా" అంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. కూలి మాత్రం చెనక్కాయలు వచ్చినాకనే. 1952 కరువులో ఊళ్ళల్లో గంజి కేంద్రాలు పెట్టినారు గదా, అట్లాంటి యేడు ఎవరిస్తారు? ఈయనా అడగలేదు. దాదీ మాత్రం అడిగిందంట, "ఊరికంతా నీళ్ళు తోడిస్తావు, మన పొయ్యి మీద ఎసరేదీ?" అని.

ఆ బాకీల పుస్తకం నేను చూసినాను. పటాలంలో సిపాయిలకు రోమన్ లిపిలో ఉర్దూ నేర్పేవాళ్ళు. ఆయనకు వచ్చిన రాత అదొక్కటే. కాబట్టి అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు ఉర్దూ, బాకీలు తెలుగు రైతులవి. సగానికి పైగా లెక్కలకు కొట్టివేత గీత లేదు. ఆ సంపాదనతోనే మా అబ్బానూ, ఇద్దరు అత్తలనూ అనంతపురం పంపి హైస్కూలు దాకా చదివించినాడు. ఆడపిల్లలకు చదువెందుకని అన్నవాళ్ళకు జవాబు చెప్పకుండా, వాళ్ళను సైకిలు మీద తానే దించి వచ్చేవాడు.

ఇక నేను రాయదలచుకున్న అసలు సంగతి. ఒక యేడు ఒక రైతు పంపు నీళ్ళు పట్టలేదు. వరి పొట్ట మీద ఉంది. సక్షన్ పైపు అతుకు దగ్గర గాలి పీలుస్తోంది. ప్యాకింగు అట్ట కావాలి, రాత్రిపూట అనంతపురంలో అంగళ్ళు మూసేసి ఉంటాయి. దాదా ఇంటికి వచ్చి, పెట్టెలోని డిశ్చార్జి పుస్తకం అట్టను మొదటి కాగితంతో సహా కత్తిరించి, గ్రీజు పూసి, అతుకులో వేసి బిగించినాడు. తెల్లవారేసరికి మడి తడిసింది.

ఆయన పోయిన చాలా యేండ్లకు, రెండవ యుద్ధపు సిపాయిల భార్యలకు ప్రభుత్వం నెలనెలా సాయం ఇస్తోందని తెలిసింది. దాదీని తీసుకుని ఆఫీసుకు పోయినాము. ఉన్న కాగితాలు చూపితే, నంబరు ఏదీ అన్నారు. నంబరు ఉన్నది ఆ మొదటి కాగితం మీద. నాలుగు సార్లు తిరిగినాము. ఐదోసారి దాదీ రానంది. "నంబరు ఆ బావిలో ఉందని చెప్పు పో" అని నవ్వింది. ఆ సాయం అందకుండానే ఆమె కూడా వెళ్ళిపోయింది.

తరువాత ఇల్లు సర్దుతుంటే స్పానర్ల డబ్బా అడుగున, నట్లూ వాషర్లతో కలిసి మసిబారిన ఆరు మొనల నక్షత్రం ఒకటి దొరికింది. బర్మా స్టార్. తుడిచి వెనక్కి తిప్పితే సన్నని అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, చివర ఇండియన్ ఇంజనీర్లు అని పొడిచి ఉంది. మన సిపాయిలకు ఇచ్చిన పతకాలు చాలావాటి మీద ఇట్లా ఉంటుందట. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు.

మీ ఇళ్ళల్లో పాత పెట్టెలు ఉంటే, పాత సామాను వానికి వేసే ముందు ఇట్లాంటివి వెనక్కి తిప్పి చూడండి. అంచుల మీద కూడా చూడండి. మా నక్షత్రం ఇప్పుడు అబ్బా దగ్గర ఉంది. స్పానర్లు మాత్రం ఊళ్ళో మోటార్లు రివైండింగ్ చేసే కుర్రవాడికి ఇచ్చినాము. వాటితోనే పని చేస్తున్నాడు.