అడ్డపొగ – అంగిలి పుండు

ఆసిఫాబాదు అడవులలో ఎండలు ముదురు దినములలో పల్లెలు పల్లెలే తునికాకునకు బయలుదేరును. తెల్లవారకముందే కోసి తెచ్చిన ఆకును కట్టలు కట్టి కల్లమున ఆరబెట్టుదురు. ఆ ఆకే కరీంనగరు, నిజామాబాదు, నిర్మల ప్రాంతములకు చేరి, స్త్రీల చేతులలో బీడీగా మారును. 1971లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము శాసనము చేసి ఈ ఆకు వర్తకమును తన అధీనమునకు తెచ్చుకొనెను. వేలాది కుటుంబములకు ఇది వేసవి కూడు. కాని ఆ బీడీనుండి లేచిన పొగ మొదట తాకునది త్రాగువాని పెదవిని, నాలుకను, అంగిలిని, గొంతును. ఈ దారిలో పుట్టు వ్రణములకును పొగాకునకును గల సంబంధమును వైద్యులు ఎట్లు కనుగొనిరో తెలిసికొనుట మనకు ఆవశ్యకము. అందులో తెలుగుదేశమునకు ప్రత్యేకమైన పాత్ర కలదు.

పొగాకుమీద అనుమానము క్రొత్తది కాదు. 1761లోనే లండను నగరమున జాన్ హిల్ అను వైద్యుడు, నస్యము మితిమీరి పీల్చినవారి ముక్కులో పుట్టిన గడ్డలను గూర్చి వ్రాసి హెచ్చరించెను. మన దేశమున 1933లో ఓర్ అను వైద్యుడు తిరువాన్కూరు ప్రాంతమున తాంబూలము నమలువారికి కలుగు నోటి కాన్సరును గూర్చి ప్రకటించెను. 1937లో విశాఖపట్టణమునుండి కిణి, సుబ్బారావు అను వైద్యులు కాన్సరు సమస్యను చర్చించుచు ఒక వ్యాసము వెలువరించిరి. తెలుగువారి ఆచారమొకటి వైద్యశాస్త్రమున చర్చకు వచ్చుట అప్పటి మాటయే.

ఆ ఆచారము అడ్డపొగ. చుట్టను వెలిగించి, నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని పీల్చుటకు ఆ పేరు. విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పల్లెలలో, అందును ముఖ్యముగా స్త్రీలలో, ఇది విశేషముగా వ్యాపించియుండెను. గాలికి నిప్పు ఆరదు; బూడిద రాలదు; చేతులు పనిలో ఉన్నను చుట్ట నోటనే నిలుచును; ఒక్క చుట్ట చాలసేపు వచ్చును. కష్టజీవికి ఇవన్నియు సౌకర్యములే. కాని ఆ నిప్పు సెగయు, పొగయు నేరుగా అంగిలికి తగులును.

గట్టి అంగిలిమీద కాన్సరు పుట్టుట లోకమున అరుదు. విశాఖ ప్రాంతమున మాత్రము అది తరచుగా కానవచ్చెను. ఏల? ఆంధ్ర వైద్య కళాశాలకు చెందిన డి. జి. రెడ్డి, వి. కె. రావు గార్లు 1957లో ప్రకటించిన పరిశోధనలో, కోస్తా ఆంధ్రమునందలి ఈ అంగిలి కాన్సరునకు అడ్డపొగయే కారణమని వాదించిరి. సెగ తగులు చోటనే వ్రణము పుట్టుచున్నది. ఆ అలవాటు లేని ప్రాంతములలో ఆ వ్రణము అరుదు. ఇంతకంటె స్పష్టమైన జాడ వేరేమి కావలయును?

ఇంతలో బొంబాయి పరిశోధకులు బీడీ సంగతిని తేల్చుచుండిరి. సంఘవీ, రావు, ఖానోల్కరు అను మువ్వురు 1955లో వెలువరించిన పరిశోధనలో, పొగాకు నమలువారికి నోటి ముందుభాగమునను, పొగ త్రాగువారికి నాలుక మొదటను, గొంతునను వ్యాధి హెచ్చుగా కలుగుచున్నట్లు తేలెను. అలవాటును బట్టి వ్రణస్థానము మారుచున్నదన్నమాట.

ఆసుపత్రికి వచ్చిన రోగులను చూచుట ఒక యెత్తు. పల్లెలకు పోయి ఇంటింట నోరు తెరిపించి చూచుట ఒక యెత్తు. టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్కు పండితుడు పిండ్‌బోర్గు, వారి సహచరులు ఆ రెండవ పనికి పూనుకొనిరి. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, ఫలితములను 1971లో ప్రకటించిరి. తెల్లని మచ్చలు, ఎఱ్ఱని చుక్కలు మొదలగు అంగిలి మార్పులు అడ్డపొగ త్రాగువారిలో మిక్కిలిగా కానవచ్చెను. తరువాత శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడువారికి బోధనచేసి, ఏటేట నోరు పరీక్షించిరి. బోధ విని అలవాటు మానినవారిలో, తగ్గించినవారిలో ఈ మచ్చలు పుట్టుట తగ్గినట్లు 1986లో వెల్లడించిరి. అనగా, రోగము రాకమునుపే దానిని ఆపవచ్చునని మన పల్లెప్రజలే లోకమునకు నిరూపించి చూపిరి.

ఈ చరిత్ర మనకు నేర్పునదేమి? నోరు చీకటి గుహ కాదు. దీపము పెట్టి చూడదగినది. నొప్పి లేని తెల్ల మచ్చ, మూడు వారములు దాటినను మానని పుండు, మ్రింగుటలో అడ్డు, బొంగురుపోయి తిరిగి బాగుపడని గొంతు, మెడమీద గట్టిగడ్డ – వీనిని ఉపేక్షింపరాదు. నొప్పి లేకుండుట క్షేమమునకు గుర్తు కాదు; తొలిదశ వ్రణము తరచుగా నొప్పి పెట్టదు. నొప్పి పుట్టువరకు వేచియుండుటచేతనే పలువురు చేజేతుల ఆలస్యము చేసికొనుచున్నారు. 1955లో హైదరాబాదున వెలసిన మెహదీ నవాజ్ జంగు కాన్సరు ఆసుపత్రి పేదలకు నేటికిని ఆశ్రయమై యున్నది. కాని ఆసిఫాబాదు అడవి గూడెమునుండి అచ్చటికి దూరము హెచ్చు, కూలిదినములు పోవును, తోడు కావలయును. కావున పరీక్ష పల్లెకు రావలయును. ఆకు ఏరు చేతులకు కూలి ఎంత న్యాయముగా దక్కవలయునో, ఆ ఆకుచుట్టిన పొగవలన కలుగు ముప్పును గూర్చిన తెలివియు ఆ ఇండ్లకు అంత న్యాయముగా అందవలయును.