క్యాన్సర్, దేవుడు, 18 కిలోల మార్ఫిన్

మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో రైతులు ప్రభుత్వ లైసెన్సు మీద నల్లమందు పండిస్తారు. క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ దాన్నుంచే వస్తుంది. ఆ పంట సముద్రాలు దాటి ఎక్కడెక్కడి రోగులకో పనికొచ్చింది గానీ, ఇబ్రహీంపట్నంలో మంచం పట్టిన మనిషికి అందడం మాత్రం గగనమైపోయింది. దొంగరవాణా ఆపడానికని 1985లో మాదకద్రవ్యాల చట్టం తెచ్చారు. మార్ఫిన్ ఉంచుకోవాలంటే నాలుగైదు రకాల లైసెన్సులు, రాష్ట్రానికో రూలు, లెక్క తప్పితే జైలు. ఎందుకొచ్చిన గొడవ అని ఆస్పత్రులు, మందుల షాపులు మానేశాయి. దేశం మొత్తమ్మీద వైద్యానికి వాడే మార్ఫిన్ తొంభై శాతానికి పైగా పడిపోయి 1997కల్లా 18 కిలోలకి దిగింది. వంద కోట్లకి దగ్గరపడ్డ జనాభాకి 18 కిలోలు! చట్టాన్ని సవరించింది 2014లో.

మరి ఆ మధ్యకాలంలో నొప్పి వచ్చినవాళ్ళు ఏం చేశారు? దేవుడి దగ్గరికి వెళ్ళారు.

మా పెద్దమ్మ సంగతే చెప్తాను. ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. జబ్బు ముదిరాకే బయటపడింది. పట్నంలో ఒక పెద్దాస్పత్రి వాళ్ళు "ఇంక ఇంటికి తీస్కపోండి" అన్నారు, నొప్పికి ఏం చెయ్యాలో చెప్పకుండా. ఇంట్లో ఆమెకి తప్ప అందరికీ తెలుసు (ప్రొడక్షన్లో బగ్గుందని క్లయింటుకి తప్ప అందరికీ తెలిసినట్టు). "గడ్డ అని చెప్పుండ్రి, పేరు తియ్యకుండ్రి" అని మా పెదనాన్న ఆర్డరు. పేరు తియ్యకుండానే యాదగిరిగుట్టలో నిద్ర చేయించారు. అక్కడి నరసింహస్వామిని వైద్య నరసింహుడంటారు కదా. జహంగీర్ పీర్ దర్గాకీ వెళ్ళారు. పక్కింటామె చర్చిలో ప్రార్థన చేయిస్తానంటే దానికీ సరేనన్నారు.

దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళని చాలామందిని చూశాను, మన ఫీల్డులో మరీను. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది. గుట్ట మీద పడుకున్న నాలుగు రాత్రులూ పెద్దమ్మ పక్కన ఎవరో ఒకరు కూర్చున్నారు, ఆమెతో మాట్లాడారు. ఆస్పత్రిలో అది జరగలేదు. కానీ అదే భక్తి ఇంకోవైపు కూడా కోస్తుంది. చూడ్డానికొచ్చిన చుట్టం ఒకాయన ఆమె ముందే "పోయిన జన్మల ఏం పాపం జేసిందో" అన్నాడు. ఆ తర్వాత రెండ్రోజులు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

ఈ తేడాని అమెరికాలో పరిశోధకులు కొలిచారు కూడా. ముదిరిన క్యాన్సర్‌తో ఉన్నవాళ్ళలో దేవుడు తోడున్నాడని నమ్మేవాళ్ళకంటే, దేవుడు శిక్షిస్తున్నాడనుకునేవాళ్ళ పరిస్థితి మానసికంగా అధ్వాన్నంగా ఉందట. ఇంకో సర్వే 1995 నాటిది. లాస్ ఏంజెలెస్‌లో 65 దాటిన 800 మందిని, బతకడన్న సంగతి రోగికి చెప్పాలా అని అడిగారు. చెప్పాలన్నవాళ్ళు తెల్లవాళ్ళలో 69 శాతం, మెక్సికన్ కుటుంబాలవాళ్ళలో 48, కొరియన్లలో 35. అంటే మా పెదనాన్న ఆర్డరు లాటినో ఇళ్ళలోనూ చెల్లుతుందన్నమాట. అక్కడా జబ్బు ఒక్కరిది కాదు, ఇంటందరిదీ.

వైద్యం ఈ సంగతి గుర్తించడానికి చాలాకాలం పట్టింది. సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లీషావిడ ముందు నర్సు, తర్వాత సోషల్ వర్కర్, ఆ తర్వాత డాక్టరు. 1948లో లండన్ ఆస్పత్రిలో చనిపోయిన డేవిడ్ టాస్మా అనే పోలండ్ యూదుడు ఆవిడకి 500 పౌండ్లు వదిలిపోయాడు. ఆ డబ్బుతో మొదలైన ఆలోచన 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అయింది. శరీరం నొప్పి, మనసు నొప్పి, ఇంటి బాధ్యతల నొప్పి, "నాకే ఎందుకు" అనే నొప్పి - ఈ నాలుగూ కలిసే ఉంటాయని ఆవిడ వాదన. పిల్ల పెళ్ళి బెంగ తీరకపోతే మార్ఫిన్ కూడా సగమే పనిచేస్తుంది.

మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో బొంబాయిలో వచ్చింది, శాంతి అవేదనా సదన్. 1993లో కాలికట్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ వాళ్ళు మొదలుపెట్టింది కేరళ అంతా పాకింది. మనకి ఆలస్యమే. రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. ఆస్పత్రి 1955 నాటిది (మెహదీ నవాజ్ జంగ్ పేరది, ఆయన తర్వాత గుజరాత్ మొదటి గవర్నరు). అక్కడ నొప్పికీ ఉపశమనానికీ ప్రత్యేక విభాగం డాక్టర్ గాయత్రి పాలట్ చొరవతో 2006 ప్రాంతంలో మొదలైంది. అంటే యాభై ఏళ్ళ తర్వాత.

ఇలాంటి విభాగాల్లో డాక్టర్లు ముందుగా అడిగేది రోగినే, "మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఇంకా ఏమైనా తెలుసుకోవాలనుందా?" అని. వద్దంటే చెప్పరు. ఇంట్లోవాళ్ళని తిట్టరు, దాస్తున్నందుకు వాళ్ళు పడుతున్న బాధని కూడా వింటారు. మొక్కులు మానమనరు. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పెద్దమ్మ మాత్రం ఒకరోజు మా వదినని పిలిచి బీరువా తాళాలు చేతిలో పెట్టి, గుట్ట మొక్కు మీరే తీర్చుండ్రి అంది.

తర్వాత తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టినప్పుడు రంగారెడ్డి జిల్లాది చేవెళ్ళలో వచ్చింది. ఇబ్రహీంపట్నం నుంచి అక్కడికి బస్సులో పోవాలంటే హైదరాబాదుని ఈ చివర్నుంచి ఆ చివరికి దాటాలి. అయితే ఆ కేంద్రాల నర్సులు బండేసుకుని ఇళ్ళకే వస్తారు. జబ్బు పేరు తియ్యని ఇళ్ళకి కూడా.